ఆగి ఆగి వచ్చే నీళ్ళు

మా కురాదాని లోయలో అన్నిటికంటే పైన ఉండే స్నానాల సత్రం కినుయో పెద్దమ్మది. అది దాటితే ఇక ఇళ్ళు లేవు. దేవదారు తోపు, తోపు వెనక కరెంటు కంపెనీ వాళ్ళ ఆవిరి కేంద్రం, ఆ పైన కొండ. మిగతా సత్రాలన్నీ కింద వంతెన చుట్టూ గుంపుగా ఉంటాయి. బస్సు వంతెన దాకానే వస్తుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు అక్కడే దిగి, అక్కడే వేడినీళ్ళలో కూర్చుని, అక్కడే తిని పోతారు. పెద్దమ్మ సత్రానికి ఎక్కిరావాలంటే మోకాళ్ళలో సత్తువైనా ఉండాలి, ఆ ఇంటివాళ్ళతో చనువైనా ఉండాలి. ఆమె భర్త ఉన్న రోజుల్లో చనువున్నవాళ్ళు బాగానే వచ్చేవారు. ఆయన కబుర్ల పోగు. ఆయన పోయాక వాళ్ళు ఓ రెండేళ్ళు మొహమాటానికి వచ్చారు. తరవాత కొత్త సంవత్సరానికి కార్డు ముక్కలు రాశారు. ఆ తరవాత అదీ లేదు.

నా పేరు ఇవాకిచి. బావులు దింపడం, గొట్టాల్లో పట్టిన సున్నం గీకడం మా ఇంటి పని. పెద్దమ్మ బావి దింపింది మా నాన్నే. బావి అంటే చేద వేసి తోడే బావి కాదు, కొండ లోపలికి దింపిన ఇనుప గొట్టం. దానికి మోటారు లేదు. అడుగున నీళ్ళు మరిగే వేడిని మించిన వేడితో ఉంటాయి, కానీ నెత్తిన అంత నీటి బరువు కూర్చుని ఉంటే మరగలేవు. పైకి వస్తున్నకొద్దీ బరువు తగ్గుతుంది, ఒక చోట బుడగలు లేస్తాయి. బుడగలు లేచాక గొట్టంలో ఉన్నది ఉత్త నీళ్ళు కాదు, నీళ్ళూ ఆవిరీ కలిసిన తేలికపాటి నురగ. తేలికైనదాన్ని కిందున్న బరువైనది తోసేస్తుంది. అలా తనంతట తానే పైకొచ్చి, రాత్రీ పగలూ పారుతూ ఉంటుంది. మా నాన్న దింపిన రోజు నుంచి, ఈ సంగతి జరిగేదాకా, ఆ బావి ఒక్క గంట ఆగింది లేదు.

ఆవిరి కేంద్రం వచ్చినప్పుడు మా లోయలో పెద్ద గొడవే అయింది. వాళ్ళు కరెంటు కోసం కొండ కడుపులోంచి ఆవిరి లాగేస్తుంటే మన ఊటలు ఎండిపోవా అని సత్రాలవాళ్ళు అడ్డం పడ్డారు. చివరికి ఒప్పందం కుదిరింది: కంపెనీ మనిషి నెలకోసారి ప్రతి సత్రానికీ వచ్చి ఊట ఎంత వేడిగా ఉందో, ఎంత వస్తోందో కొలవాలి. ఎవరి ఊటైనా తగ్గిందని కబురొస్తే వెంటనే వచ్చి చూడాలి, సరిగ్గా ఉందని తేలేదాకా వారం వారం రావాలి.

ఆ పనికి వచ్చినవాడే హిరామత్సు. నలభై ఎనిమిదేళ్ళ ఇంజనీరు. భార్య, కాలేజీలో చదివే కూతురు ఫుకువొకాలో ఉండిపోయారు. ఇల్లు కదిలించడం ఎందుకు, మీరు వెళ్ళి రండి అన్నారట. కంపెనీ క్వార్టర్లలో ఒక గది, ఒక పొయ్యి. పగలంతా ఆయన కేంద్రంలో పెద్ద గొట్టాల వెంట తిరిగేవాడు. అక్కడి బావుల్లోంచి నీళ్ళూ ఆవిరీ కలగలిసి గొట్టాల్లో పరుగెడతాయి. బాగున్న రోజు ఆవిరి మధ్యలో, నీళ్ళు గోడల్ని అంటుకుని సాఫీగా పోతాయి. బాగాలేని రోజు నీళ్ళు ముద్దలు ముద్దలుగా కూడుకుని వంపుల దగ్గర సమ్మెటతో కొట్టినట్టు కొడతాయి. అంత లావు గొట్టమూ దిమ్మెల మీద ఎగిరెగిరి పడుతుంది. హిరామత్సు ఆ గొట్టం మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. "దీనికి జ్వరం" అనేవాడు నాతో. మనిషి మంచివాడు, కానీ మాట తక్కువ. మాట్లాడేవాళ్ళు లేక తగ్గిందో, తగ్గాక మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారో తెలియదు.

కింది సత్రాలవాళ్ళు ఆయన్ని లోపలికి పిలిచేవారు కాదు. కొలుచుకో, పో అన్నట్టు ఉండేది. పెద్దమ్మ మాత్రం మొదటిసారే పిలిచింది.

"ఇంజనీరు గారూ, కొలిచింది చాలు. నీళ్ళు ఎక్కడికీ పారిపోవు. చెప్పులు విడిచి లోపలికి రండి."

"పర్వాలేదు అమ్మగారూ, ఇంకా కింద కొలవాలి."

"కిందవాళ్ళు మీకు టీ ఇస్తారా?"

ఆయన చేతిపుస్తకం మూశాడు.

"ఇవ్వరు. నాకు తెలుసు. ఆ వంతెన సత్రం నోగామి ఇంట్లో టీ ఇస్తే ఆ ఆకుల్ని మళ్ళీ ఎండబెట్టుకుంటారు. రండి."

ఆవిరి మీద ఉడికించిన చిలగడదుంపలు, ముల్లంగి ఊరగాయ, పచ్చ టీ. ఆయన రెండు దుంపలు తిన్నాడు. పెద్దమ్మ మూడోది చేతిలో పెట్టింది. ఆయనకు ఎడమ చేతి చొక్కా గుండీ ఊడి ఉంటే, "మీ ఆవిడ చూస్తే నన్ను తిడుతుంది" అంటూ విప్పించి కుట్టింది. మీ ఆవిడకు నేనెవరో తెలియనే తెలియదనుకోండి అని తనే నవ్వింది. గుండీ కుడుతున్నంతసేపూ ఆయన లోపలి బనీనుతో పిల్లాడిలా చాప మీద కూర్చున్నాడట. ఈ సంగతి పెద్దమ్మే నాకు చెప్పింది, చాలాసార్లు.

ఆ తరవాతి నెల కోసం ఆమె ఎదురుచూసింది. ఒక నెల అంటే చిన్నదేం కాదు, మాట్లాడడానికి ఇంట్లో ఇంకెవరూ లేకపోతే. ఆకులు రాలే కాలంలో ఒకరోజు కంపెనీకి ఫోను చేసింది: "మా ఊట తేడాగా ఉంది. ఆగి ఆగి వస్తోంది."

హిరామత్సు ఆ మధ్యాహ్నమే వచ్చాడు. నిజమే, తేడాగానే ఉంది. నీళ్ళు కాసేపు సన్నగా కారతాయి, దాదాపు ఆగిపోతాయి, అంతలో గొట్టం లోపల గుడగుడమని శబ్దం, ఒక్కసారిగా ఆవిరితో కలిసి భళ్ళున ఉమ్మినట్టు వస్తాయి. మళ్ళీ సన్నం. ఆయన చాలాసేపు చూసి, చేతిపుస్తకంలో రాసుకుని, వచ్చే వారం మళ్ళీ వస్తానన్నాడు.

"వారం వారం వస్తారా?" అంది పెద్దమ్మ.

"రావాలి అమ్మగారూ. ఒప్పందం అది."

"అయ్యో, మీకెంత శ్రమ" అంది ఆమె, దుంపలు కడుగుతూ.

అలా వారం వారం రావడం మొదలైంది. నేనూ అప్పుడప్పుడు దారిలో కలిసేవాణ్ణి. ఆయన నడక మారింది. సంచిలో ఏదో ఒకటి ఉండేది, సముద్రం చేపల ఎండు ముక్కలు, ఫుకువొకా నుంచి కూతురు పంపిన బిస్కెట్లు. కూతురు వాటిని తండ్రి తినాలని పంపింది. ఆయనేమో పెద్దమ్మ దగ్గరికి తెచ్చి, "మా అమ్మాయి పంపింది" అని గర్వంగా పెట్టేవాడు. వాళ్ళు ఏం మాట్లాడుకునేవారో నాకు పూర్తిగా తెలియదు. ఎక్కువ భాగం ఊట గురించే. ఆయన బుడగల గురించి చెప్పేవాడు, ఆమె తన భర్త గురించి చెప్పేది. ఆ రెండు కథలూ ఒకదాని పక్కన ఒకటి నడిచేవి, ఎవరిదీ ఎవరికీ అడ్డం వచ్చేది కాదు.

చలికాలం మొదట్లో ఒక సెలవురోజు ఆయనకు ఏమీ తోచలేదు. కొలిచే రోజు కాకపోయినా పైకి బయలుదేరాడు. పెద్దమ్మ ఇంట్లో లేదు, కిందికి కూరగాయలకు వచ్చింది. ఆయన ఊట దగ్గరికి వెళ్ళి చూస్తే నీళ్ళు నిండుగా, ఏకధాటిగా పారుతున్నాయి. ఆగడం లేదు, ఉమ్మడం లేదు. మూడు రోజుల క్రితం ఆయాసంతో రొప్పిన బావి అదేనా అనిపించిందట. అప్పుడు గొట్టం నోటికి బిగించిన కుళాయి చక్రం వైపు చూశాడు. మా ఊటల్లో సున్నం ఎక్కువ. కదలని ప్రతిదాని మీదా తెల్లగా పెచ్చు కడుతుంది. ఆ గొట్టం చుట్టూ ఉన్న బోల్టులన్నీ పెచ్చు కట్టి ముద్దలయ్యాయి. చక్రాన్ని మోసే ఇనుప కాడ మాత్రం కొత్త చెంచాలా మెరుస్తోంది.

నోటి దగ్గర కుళాయి బిగిస్తే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పాలా? పైన బిగిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, బుడగలు అణిగిపోతాయి, నీళ్ళు బరువెక్కి ఆగుతాయి. ఆగినచోట అడుగు నుంచి వేడెక్కి వేడెక్కి ఒక్కసారిగా మరిగి ఎగదన్నుతాయి. మళ్ళీ ఆగుతాయి. కొండకు ఏ జబ్బూ లేదు. ఎవరో చేత్తో తిప్పుతున్నారు. ఆ ఇంట్లో ఉన్నవి రెండే చేతులు.

ఆయన తిరిగి కిందికి దిగాడు. దారిలో కూరగాయల సంచితో ఎక్కుతున్న పెద్దమ్మ ఎదురైంది.

"ఇవాళ రోజు కాదుగా?" అంది, గాబరాగా.

"కాదు అమ్మగారూ. ఊరికే నడుద్దామని బయలుదేరాను. పైదాకా రాలేదు."

ఆ అబద్ధంతో ఆయన కూడా ఆ నాటకంలో ఒకడైపోయాడు. ఇది ఆయన నాకు చాలా తరవాత, బార్లీ సారా తాగుతూ చెప్పాడు. "ఎందుకు చెప్పలేదు సార్?" అని అడిగాను. "చెబితే ఏమవుతుంది, ఇవాకిచి గారూ? మళ్ళీ నెలకోసారే వెళ్ళాలి" అన్నాడు. ఆ తరవాతి వారం మామూలుగానే వెళ్ళాడు. ఊట రొప్పుతోంది. కొలిచాడు. కారణం ఇంకా పరిశీలనలో ఉందని కంపెనీకి రాశాడు. దుంపలు తిన్నాడు.

ఇద్దరికీ తోచనిది ఒకటుంది. ఆయన రాసిన కాగితం కంపెనీకి ఎంత వెళుతుందో సత్రాల సంఘానికీ అంతే వెళుతుంది. అదీ ఒప్పందమే. సంఘం పెద్ద నోగామికి ఆ కాగితాలు పండగ భోజనంలా దొరికాయి. కంపెనీ ఆ యేడు దేవదారు తోపు వెనక కొత్త బావి దింపబోతోంది. "చూశారా, ఇంకా దింపకముందే కినుయో పెద్దమ్మ ఊట చచ్చిపోతోంది, వాళ్ళ ఇంజనీరే రాశాడు" అని నోగామి ఇంటింటికీ తిరిగాడు. పత్రికవాళ్ళని పిలిచాడు. ఫలానా రోజు పైకి వస్తాం, పెద్దమ్మా, ఊట చూపించాలి అన్నాడు. ఎన్నేళ్ళుగానో ఆమె గడప తొక్కని మనిషి, తనే చేతిలో మిఠాయి డబ్బాతో వచ్చి చెప్పి వెళ్ళాడు.

ఊట బాగా పారితే పెద్దమ్మ అబద్ధమాడిందంటారు. వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే మంచు పడుతుంటే వెళ్ళి కుళాయిని ఎప్పటికంటే ఇంకాస్త బిగించింది. ఇంకాస్త. చేతికి ఎంతో తెలియలేదు, చలికి వేళ్ళు కొంకర్లు పోయాయట. ఊట గుడగుడలాడింది, ఒకసారి ఉమ్మింది, ఆగింది. మళ్ళీ వస్తుందని నిలబడింది. రాలేదు. కంగారుగా చక్రం మొత్తం వెనక్కి తిప్పేసింది. అయినా రాలేదు. గొట్టంలో నీళ్ళు చల్లబడిపోయాయి. బరువైన చన్నీళ్ళ స్తంభం కింది వేడి మీద మూతలా కూర్చుంది.

పత్రికవాళ్ళు వచ్చి చచ్చిన బావిని ఫొటో తీసుకున్నారు. పక్కన పెద్దమ్మ నిలబడి ఉంది. ఆ ఫొటోలో ఆమె మొహం చూసి అందరూ ఏమన్నారంటే, పాపం, బావి పోయినందుకు ఎంత కుమిలిపోతోందో అని.

మర్నాడు హిరామత్సు మా ఇంటికి వచ్చాడు. "మీ గాలి యంత్రం కావాలి. అమ్మగారి బావిని లేపాలి."

యంత్రాన్ని ఆ మంచులో పైకి ఎక్కించేసరికి నా నడుం విరిగింది. సన్నటి గొట్టాన్ని బావి లోపలికి బాగా లోతుకు దింపి, దాంట్లోంచి గాలి కొట్టడం మొదలెట్టాం. పని సూత్రం సులువే: బుడగలు పుట్టకపోతే మనమే బుడగలు ఇవ్వాలి. పైనున్న చన్నీళ్ళను తేలిక చేసి తోడేస్తే కిందిది తన పని తాను చూసుకుంటుంది. మొదట బురదనీళ్ళు పొర్లాయి. తరవాత తుప్పు రంగు నీళ్ళు. హిరామత్సు వంగి చెయ్యి పెట్టి చూసి, "ఇంకా చల్లగానే" అన్నాడు. యంత్రం మొత్తుకుంటూనే ఉంది. పెద్దమ్మ తెల్ల ఏప్రాన్ మీద పాత కోటు వేసుకుని చూరు కింద నిలబడింది. లోపలికి వెళ్ళమ్మా అంటే వెళ్ళలేదు.

మధ్యాహ్నం దాటాక నీళ్ళు గోరువెచ్చనయ్యాయి. కాసేపటికి చెయ్యి పెట్టలేకపోయాం. అడుగునెక్కడో బండి వంతెన మీద పోయినట్టు చప్పుడైంది. హిరామత్సు నా భుజం పట్టి వెనక్కి లాగాడు. నీళ్ళూ ఆవిరీ కలిసి ఒక్క ఉదుటున చూరు దాకా లేచాయి. మంచు మీద వేడి వాన కురిసింది. నేను గాలి ఆపేశాను. ఊట ఆగలేదు. కొంచెం తగ్గి, తమాయించుకుని, నిలబడింది.

పెద్దమ్మ తడిసిపోయింది. "ఆగకే తల్లీ, ఇక ఆగకే" అంటోంది, ఎవరితోనో కాదు, గొట్టంతోనే.

ఊటను సర్దుదామని నేను కుళాయి చక్రం మీద చెయ్యి వేశాను. ఒంటి వేలికి తిరిగింది. నా పనిలో నెలల తరబడి ముట్టని కుళాయిని సుత్తి లేకుండా కదిలించిన రోజు లేదు. తలెత్తి చూశాను. హిరామత్సు నా వైపే చూస్తున్నాడు. "పూర్తిగా తెరిచే ఉంచండి, ఇవాకిచి గారూ" అన్నాడు మెల్లగా. పెద్దమ్మ అటు తిరిగి మంచు ఊడ్చడానికి చీపురు వెతుక్కుంటోంది.

ఆ నెలాఖరున ఊరి సావడిలో సమావేశం పెట్టారు. ఫుకువొకా నుంచి కంపెనీ అధికారి సూటు వేసుకుని వచ్చాడు. కొత్త బావి పని అప్పటికే ఆపేశారు. నోగామి ఒక గంట మాట్లాడాడు. తరవాత అధికారి, "మా ఇంజనీరు కారణం చెబుతారు" అన్నాడు.

హిరామత్సు లేచాడు. "గొట్టం లోపల సున్నం పట్టి దారి సన్నబడినప్పుడు కూడా ఇలా జరగవచ్చు..." అని మొదలెట్టాడు.

"ఆగండి" అన్నాడు నోగామి. "ఒరేయ్ ఇవాకిచీ, ఆ గొట్టం నువ్వే కదా గీకేది? ఎంత సున్నం ఉందిరా?"

అందరూ నా వైపు తిరిగారు. నేను కిందటి వేసవిలోనే దాన్ని శుభ్రంగా గీకాను. ఆ సంగతి నోగామికీ తెలుసు. "ఉంటుంది కదండీ, కొంచెం..." అని నీళ్ళు నమిలాను.

"సున్నం లేదు" అంది వెనక నుంచి ఒక గొంతు.

పెద్దమ్మ లేచి నిలబడింది. మంచి నల్ల కిమోనో కట్టుకుని వచ్చింది, భర్త కర్మకాండకు కట్టుకున్నది. "సున్నమూ లేదు, కంపెనీ తప్పూ లేదు. కుళాయి నేనే తిప్పాను. ఆకులు రాలేటప్పటి నుంచీ నేనే తిప్పుతున్నాను. ఆ రోజు ఎక్కువ తిప్పాను, చచ్చిపోయింది."

ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"ఎందుకు పెద్దమ్మా?" అన్నాడు నోగామి. "కంపెనీ మీద కోపమా? మాతో చెబితే మేం లేమూ?"

"కోపం ఎందుకు? నీళ్ళు తగ్గితే వారానికోసారి మనిషి వస్తాడు. తగ్గకపోతే నెలకోసారి వస్తాడు. అంతే."

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. కంపెనీ అధికారి హిరామత్సును ఓరగా చూసి, "ఈ సంగతి మా ఇంజనీరుకు తెలుసా?" అని అడిగాడు.

హిరామత్సు ఇంకా నిలబడే ఉన్నాడు. నోరు తెరిచాడు. పెద్దమ్మ ఆయన్ని మాట్లాడనివ్వలేదు.

"ఆయనకెలా తెలుస్తుంది? పాపం, పెద్ద చదువులు చదివినవాడు. ముసలిది అబద్ధమాడుతుందని ఆ చదువులో చెప్పరు."

ఈసారి నిజంగానే నవ్వారు, చాలామంది. ఆ నవ్వులో హిరామత్సు కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తల వంచుకుని, సమావేశం అయ్యేదాకా అలాగే ఉన్నాడు.

పెద్దమ్మను ఎవరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది, ఒకటి రెండు రోజులు పోట్లాడుకుని మామూలయ్యేవాళ్ళు. మా లోయలో ఇంటింటికీ తిరిగే సమాచారపు పలక ఒకటుంటుంది. ఒక ఇంటివాళ్ళు చదివి పక్కింటికి చేత్తో ఇచ్చి, రెండు ముక్కలు మాట్లాడి వస్తారు. ఆ చలికాలం నుంచీ పెద్దమ్మ వంతు పలకను గేటుకు తగిలించి వెళ్ళిపోయేవారు. చదివి ఆమే కిందికి దించాలి. దుకాణంలో ఆమె అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి.

కంపెనీవాళ్ళు కూడా మర్యాదగానే ఉన్నారు. ఇకముందు ఇలాంటి ఇబ్బంది రాకూడదని ఆమె ఊటకు ఒక యంత్రం బిగించారు. వేడి, ప్రవాహం తనే కొలిచి, టెలిఫోను తీగ మీద ఫుకువొకాకు తనే పంపుతుంది. మనిషి రానక్కర్లేదు. కుళాయికి తాళం వేశారు. బిగించేటప్పుడు నన్నే పిలిచారు, గొట్టం పని నాకే తెలుసు కాబట్టి. పెద్దమ్మ ఆ రోజు టీ ఇచ్చింది. దుంపలు పెట్టలేదు.

చెర్రీలు పూసే రోజుల్లో హిరామత్సుకు ఫుకువొకాకే బదిలీ అయింది. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి తాగాడు. అప్పుడే ఇదంతా చెప్పాడు, సెలవురోజు చూసిన ఊట, మెరిసిన కాడ, దారిలో ఆడిన అబద్ధం. "ఆవిడకు చెప్పి వెళుతున్నారా?" అన్నాను. సారా గిన్నెను గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు.

ఆ యేడు ఆకులు రాలేటప్పుడు మళ్ళీ వచ్చాడు. కంపెనీ పని మీద కాదు. ఒక రాత్రికి గది కావాలని పెద్దమ్మకు ఫోను చేసి, డబ్బు కట్టే అతిథిగా వచ్చాడు. మర్నాడు బస్సు దాకా నేనే బండిలో దింపాను. వంతెన దగ్గర బల్ల మీద కూర్చున్నాం.

"ఎలా ఉంది సార్?"

"వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని వంగి నమస్కారం పెట్టింది, ఇవాకిచి గారూ. అతిథులకు పెట్టినట్టు. గది చూపించింది. నల్ల పళ్ళెంలో ఎనిమిది రకాలు వడ్డించి, పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది."

"మీరేమీ అనలేదా?"

"అన్నాను. పళ్ళెం తీయడానికి వచ్చినప్పుడు, అమ్మగారూ, ఆ రోజు నేను లేచి చెప్పాల్సింది అన్నాను." ఆయన సంచి ఒళ్ళోకి లాక్కున్నాడు. "నీళ్ళు సరిపడా వేడిగా ఉన్నాయా అండీ, అంది. ఉన్నాయి అన్నాను. అంతే."

ఇంట్లో అంతా బాగున్నారా అని అడిగాను. బాగున్నారన్నాడు. తను లేనన్నాళ్ళూ వాళ్ళిద్దరూ తమ పద్ధతిలో సర్దుకున్నారని, తన టీ గిన్నె ఏ అరలో ఉందో ఇప్పటికీ అడగాల్సి వస్తోందని, వాళ్ళు విసుక్కోకుండానే చెబుతారని అన్నాడు. బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని నాకు తల వంచాడు. ఆ తరవాత ఆయన మా లోయకు రాలేదు.

ఆ సాయంత్రమే పైన వదిలేసిన గాలి యంత్రం నూనె డబ్బా తెచ్చుకునే వంకతో పైకి వెళ్ళాను. పెద్దమ్మ ఆయన పడుకున్న పరుపును ఎండలోంచి తీసి మడత పెడుతోంది.

"ఆయనతో మాట్లాడి ఉండాల్సింది, పెద్దమ్మా."

"ఏమనాలిరా? క్షమించానంటే ఆయన తప్పు చేసినట్టు. తప్పేమీ లేదంటే మొత్తం నాదొక్కదానిదే. మధ్యలో మాట ఒకటి ఉండే ఉంటుంది. రాత్రంతా వెతికాను. దొరకలేదు." పరుపు మీద దుమ్ము దులిపింది. "గుండీలన్నీ సరిగ్గానే ఉన్నాయి ఆయనకి. కొత్త చొక్కా."

ఇంకో యేడాదికి ఆమెకు మెట్లు ఎక్కడం కష్టమైంది. ఒయితా పట్నంలో ఉండే చెల్లెలి కూతురు వచ్చి తన అపార్ట్‌మెంటుకు తీసుకుపోయింది. సామాను నా బండిలోనే దించాను. నోగామి వంతెన దగ్గర నిలబడి తల వంచాడు. ఆమె కూడా తిరిగి వంచింది. ఒయితా దగ్గరపడ్డాక, అక్కడ కుళాయి తిప్పితే వేడినీళ్ళు వస్తాయటరా, గ్యాసుతో, అంది.

సత్రం మూసే ఉంది. తలుపులకు పలకలు కొట్టారు. ఊట ఆపకూడదు కాబట్టి ఆపలేదు. పారి పారి స్నానాల తొట్టి నింపి, పొర్లి, వాగులోకి పోతోంది. సున్నం పట్టకుండా నేను యేటా వేసవిలో వెళ్ళి గీకి వస్తాను, నన్నెవరూ అడగకపోయినా. పని అయ్యాక బట్టలు విప్పి తొట్టిలో కూర్చుంటాను. నీళ్ళు మెడ దాకా వస్తాయి. దేవదారు తోపులోంచి గాలి వీస్తే ఆవిరి అటు వంగుతుంది. గొట్టం పక్కన ఆ యంత్రం చిన్న పచ్చ దీపంతో కొలుస్తూనే ఉంటుంది. ఫుకువొకాలో ఏదో గదిలో ఎవరో ఆ అంకెలు చూస్తారు. కురాదాని పై సత్రం ఊట బాగుంది అనుకుంటారు. అబద్ధం కాదు. బాగానే ఉంది.